చెయ్యి తియ్యమ్మా, నోరు కనపడనీ

గుంటూరులో నన్ను జర్మన్ మేడం అంటారు. కూరగాయల బండి ఆయన కూడా అట్లాగే పిలుస్తాడు. పేరు పెట్టి పిలిచేది మా ఆయన ఒక్కరే, అది కూడా కోపం వచ్చినప్పుడే.

ఈమధ్యే పాఠాలు చెప్పడం మానేశాను. గొంతు బాగానే ఉంది, మోకాళ్ళే మెట్లు ఎక్కలేమంటున్నాయి. మా సంస్థ మేడ మీద ఉండేది. లిఫ్టు పెట్టిస్తానని మా ఓనరు ప్రసాద్ గారు నేను చేరిన రోజు నుంచీ అంటూనే ఉన్నారు, నేను మానేసిన రోజు కూడా అన్నారు.

ఇప్పుడు గుంటూరులో, ఒంగోలులో, మంగళగిరిలో ఎటు చూసినా జర్మన్ నేర్పుతామనే బోర్డులే. నర్సింగు చదివిన పిల్లలు అటు వెళ్తున్నారు, వాళ్ళకు నేర్పడానికి కుర్ర టీచర్లు చేరుతున్నారు. వాళ్ళు నాకు ఫోన్ చేసి "ఏ పుస్తకం వాడేవారు మేడం?" అని అడుగుతుంటారు. పుస్తకాలకేం నాయనా, బజార్లో బోలెడు. ఈ ఉద్యోగం అసలు పుస్తకంలో లేదు, ఎదుటివాళ్ళ నోట్లో ఉంది. నాకు ఆ సంగతి నేర్పినవాళ్ళ గురించి రాస్తాను, పనికొస్తే వాడుకోండి.

ఇంగ్లీషు కళ్ళద్దాలు

నేను అసలు ఇంగ్లీషు లెక్చరర్‌ని. జర్మన్ సరదాకి మొదలుపెట్టి, పిచ్చి పట్టి, పరీక్షలన్నీ రాసేశాను. జర్మన్ 'ర' నాలుకతో పలకరు, కొండనాలుక దగ్గర గరగరమనిపిస్తారు. దానికోసం పొద్దున్నే బాత్రూములో నోట్లో నీళ్ళు పోసుకుని గొంతులో పుక్కిలించేదాన్ని. మా ఆయన బయటినుంచి "ఏమోయ్, బావి పూడిక తీస్తున్నావా?" అని అరిచేవారు. నెలల తరబడి తీశాను పూడిక. చివరికి నీళ్ళు లేకుండానే గరగర వచ్చింది. ఆ రోజు పాయసం చేశాను.

ప్రసాద్ గారు అంతకుముందు అదే మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు నడిపేవారు. మనిషి మంచివాడు, ఉత్సాహం ఎక్కువ. మైకు పట్టుకుని పిల్లలందరితో ఒకేసారి అరిపించడమే చదువని ఆయన నమ్మకం. "ఇంగ్లీషు వస్తే జర్మన్ సగం వచ్చినట్టే మేడం గారూ!" అనేవారు. జర్మన్ మాటల్ని ఇంగ్లీషులో ఎట్లా కనపడితే అట్లా చదివేసి, పిల్లలతో వల్లె వేయించేవారు. నేను తలుపు దగ్గర నిలబడి తల పట్టుకునేదాన్ని.

సగం వచ్చినట్టు కాదు, సగం అడ్డం పడినట్టు. తెలియని వీధిలో మనం చూసుకుని నడుస్తాం, తెలిసిందే కదా అనుకున్న వీధిలోనే కాలు జారుతుంది. జర్మన్ పుస్తకం తెరిస్తే కనపడేవి తెలిసిన అక్షరాలే. పలుకు మాత్రం వేరు. నీళ్ళను వాళ్ళు 'వాసర్' అంటారు. కాన్వెంటులో చదివిన పిల్లలు మూతి సున్నాలా చుట్టి ఇంగ్లీషు 'వ' పలుకుతారు. మూతి ఎందుకురా చుట్టడం, మన వంకాయలో 'వ' చాలు! చక్కెరను వాళ్ళు 'త్సుకర్' అంటారు. ఇంగ్లీషు వచ్చినవాడు దాన్ని 'జుకర్' చేస్తాడు. మన చుక్కలో, చలిలో, 'చాలు చాలు'లో ఉన్న 'చ' ఏమిటనుకున్నారు? అచ్చంగా అదే. పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న హల్లును వదిలేసి పిల్లలు ఇంగ్లీషువాడి దగ్గర అప్పు తెచ్చుకుంటున్నారు. అందుకని నా మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: ఇంగ్లీషు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టండి, ముందు తెలుగులో నోరు తెరవండి.

అయితే తెలుగు నోటితోనూ ఒక చిక్కుంది. మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. బస్సు, కారు, డాక్టరు. రోజును వాళ్ళు 'టాక్' అని చటుక్కున తుంచేస్తారు, మనవాళ్ళు 'టాగు' అని సాగదీస్తారు. తలనొప్పికి వాళ్ళ మాట 'కొప్ఫ్‌ష్మెర్ట్సెన్'. హల్లు మీద హల్లు, రైలు పెట్టెల్లా. మా పిల్లలు ప్రతి పెట్టె మధ్యా ఒక అచ్చు దూర్చి 'కోపుఫుషు మెరుజెను' అనేవారు. అది వింటే రోగికి ఉన్న తలనొప్పి పోయి కొత్తది వస్తుంది. నర్సుకు రోజూ పనికొచ్చే మాట కాబట్టి నేను వదిలేదాన్ని కాదు, అదే నా గీటురాయి.

కరీముల్లా గొంతు

రాత్రిని వాళ్ళు 'నాఖ్ట్' అంటారు. ఆ 'ఖ' గొంతు గీరుకుంటూ రావాలి. మొదటి బ్యాచిలో కరీముల్లా అనే కుర్రాడుండేవాడు, నర్సింగు చదివినవాడే. నేను వాడి వైపు తిరిగి ధీమాగా నవ్వి, "నువ్వు పలకవోయ్, వీళ్ళందరికీ చూపించు" అన్నాను. ఉర్దూలో ఆ శబ్దం ఉంది కదా అని నా లెక్క.

వాడు లేచి, శుభ్రంగా 'నాక్టు' అన్నాడు.

"అదేమిటోయ్, మీ ఇంట్లో మాట్లాడే భాషలో ఉంది కదా?"

"మా ఇంట్లో తాతల కాడ్నుంచీ తెలుగే మేడం. చిన్నప్పుడు మసీదులో అరబ్బీ చదువుకునేటప్పుడు కూడా నాకు 'క' అనే వచ్చేది. చదువు చెప్పే హజ్రత్ గారు ఎంత మొత్తుకున్నారో పాపం! మీరట్లా నవ్వేసరికి ఏం బహుమతి ఇస్తారో అనుకున్నా."

క్లాసంతా గొల్లుమంది, నాకూ నవ్వాగలేదు. పేరు చూసి నోరు ఊహించినందుకు బాగా అయింది నాకు. మరి వీడికెట్లా నేర్పాలి? వాళ్ళ నాన్నకు మిర్చి యార్డులో పని అని తెలుసు. "యార్డులో ఘాటైన బస్తా విప్పినప్పుడు ఏం చేస్తావు?" అని అడిగాను. వాడు ఆలోచించకుండా "ఖ్ఖ్!" అని గొంతు గీరుకున్నాడు. అదే! అంత చక్కటి హల్లు నేను టేపుల్లో కూడా వినలేదు. అప్పటి నుంచీ మా క్లాసులో దాని పేరు 'యార్డు ఖ'. గుంటూరులో పుట్టి ఆ శబ్దం రానివాడు ఉండడు, ఎక్కడ దాచుకున్నాడో వెతకాలంతే.

నాగమణి చెయ్యి

ఇక నాగమణి. మార్టూరు వైపు పల్లె, మిరప రైతుల ఇల్లు. భర్త చీమకుర్తి గ్రానైటు లారీ నడిపేవాడు. ఆమె గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, జర్మన్ కోసమని ఆ ఉద్యోగం మానేసి వచ్చింది. చదవడం, రాయడం, వినడం, మూడూ గట్టెక్కింది. మాట్లాడే పరీక్ష మాత్రం తప్పుతూనే ఉంది. జర్మనీలో ఒక వృద్ధుల ఆసుపత్రివాళ్ళు ఆమెకోసం ఉద్యోగం ఖాళీ ఉంచారు. ఈసారి కూడా తప్పితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని చెప్పేశారు. ఇక్కడి ఉద్యోగం పోయింది, అక్కడిది చేతికి రాలేదు. ఊరంతా "ఎప్పుడు ప్రయాణం?" అని అడుగుతోంది.

తెలివికేం లోటు లేదు. ఆమె రోగమల్లా ఒకటే, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. చెయ్యి కాకపోతే చున్నీ.

"చెయ్యి తియ్యమ్మా, నోరు కనపడనీ!"

తీస్తుంది, మాట మొదలుపెట్టగానే మళ్ళీ చెయ్యి పైకి లేస్తుంది.

"ఎందుకే అట్లా?"

"మా అమ్మ నేర్పిందండి. పెద్దోళ్ళ మీద తుంపర పడకూడదంట."

తుంపర పడకుండా జర్మన్ ఎట్లా వస్తుంది తల్లీ! ఆ హల్లులన్నీ గాలే. 'నేను' అనడానికి 'ఇహ్' అంటారు. 'ఈ' అనబోతున్నట్టు నోరు పెట్టి, గొంతు కలపకుండా గాలి మాత్రం వదలాలి. నోటి ముందు సన్నటి కాగితం పట్టుకుంటే అది కదలాలి. నాగమణి అరచేతిలోకి ఊదితే కాగితానికి ఏం తెలుస్తుంది? ప్రసాద్ గారు మైకు చేతికిచ్చారు. కుడి చేత్తో మైకు పట్టుకుంది, ఎడమ చేత్తో నోరు మూసుకుంది. ఆయన నా వైపు చూసి, "ఈ అమ్మాయికి కష్టం మేడం గారూ, వేరే దారి చూసుకోమనండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "దారి ఆమెకు తెలుసు, నాకే తెలియట్లేదు. కాస్త ఆగండి" అన్నాను. ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు.

కల్లంలో

పరీక్ష దగ్గరికొచ్చింది, ఈవిడ క్లాసుకు రావడం మానేసింది. ఫోన్ చేస్తే "కల్లంలో కాయలున్నాయండి, మబ్బు పడతంది" అంది. మాకు ఏటా కారం ఆడించుకోవడానికి మిరపకాయలు కావాలి కదా, ఆ సాకుతో బస్సెక్కాను. నాలుగు తగిలిద్దామనే వెళ్ళాను, నిజం చెప్పాలంటే.

ఊరి బయట కల్లాలు. కనుచూపు మేర ఎర్రటి కాయలు ఆరబోసి ఉన్నాయి. ముక్కుకూ మూతికీ గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు కాయల్ని పోగులు చేస్తున్నారు. నేను దగ్గు ఆపుకోలేక గట్టు మీదే నిలబడిపోయాను. ఉన్నట్టుండి ఒక గొంతు కల్లానికి ఆ చివరి నుంచి వచ్చింది.

"నాయనమ్మా! పట్టా పట్టుకో! అటు పక్క! కప్పు, కప్పు!"

అది కేక కాదు, పెద్ద గొంతు కూడా కాదు. కానీ ప్రతి 'ట్ట', ప్రతి 'ప్ప' టపాకాయలా పేలుతోంది. షెడ్డు కింద కాయల తొడిమలు, అదే ముచ్చికలు, తీస్తున్న ముసలావిడ వెంటనే లేచి టార్పాలిన్ పట్టా అంచు పట్టుకుంది. ఎవరీ గొంతు అని చూస్తే, గుడ్డ కట్టుకున్న నాగమణి! క్లాసులో అరచేతి చాటున గొణిగే పిల్ల!

అప్పుడే చినుకు పడింది. ఇంక తిట్లెక్కడివి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి నేనూ ఒక పట్టా లాగాను. కాయలన్నీ కప్పాక అందరం షెడ్డులోకి చేరాం. వాన నాలుగు చినుకులు రాల్చి, మా హడావిడి చూసి వెళ్ళిపోయింది.

"నీ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావే?" అన్నాను.

నాగమణి సిగ్గుపడింది. "నాయనమ్మకి చెవుడండి. మూతికి గుడ్డ ఉంటే పెదాలు చూసుకోడానికి కూడా ఉండదు. అరిస్తే లాభం లేదు, అరుపు ఊళ్ళో అందరికీ వినపడుద్ది, ఆవిడకి తప్ప. మాటని విరిచి చెప్పాలండి."

మాటని విరిచి చెప్పడం! నేనింతకాలం పిల్లలకి చెప్పాలని తంటాలు పడుతున్నది అదే.

"అయితే నాయనమ్మకి జర్మన్‌లో చెప్పు, నాకు తలనొప్పిగా ఉందని."

"అయ్యో, ఆవిడకేం తెలుసండీ! చెవిటోళ్ళ ముందు శంఖం ఊదినట్టుంటది."

"ఊదు, చూద్దాం."

గుడ్డ తీయకుండానే, నాయనమ్మ వైపు తిరిగి అంది: "ఇహ్ హాబె కొప్ఫ్‌ష్మెర్ట్సెన్!" పెట్టె మీద పెట్టె, మధ్యలో ఒక్క అచ్చు కూడా దూరలేదు.

నాయనమ్మ ముచ్చిక తీయడం ఆపింది. "ఏందే అది? ఇహ్... ఇహ్ అంటా పిల్లిని తోలతన్నావా?"

'ఇహ్' ఆవిడకు వినపడింది! వినపడ్డమే కాదు, ఉన్న నాలుగు పళ్ళతోనే నాకన్నా బాగా పలికింది. నేను ఆవిడను కావలించుకున్నాను. "ఈ పంతులమ్మకి ఎండ దెబ్బ తగిలింది, మజ్జిగియ్యండే" అంది ఆవిడ.

ఆ పూటంతా అదే పరీక్ష. నాగమణి ఒక మాట అనాలి, నాయనమ్మ తిరిగి అనాలి. ఆవిడ అనగలిగితే పాస్. 'నాఖ్ట్' అంటే, తనూ ఒకసారి గొంతు గీరి, "గొంతులో కాయ అడ్డం పడ్డదా?" అంది, పాస్. 'త్సుకర్' ఒక్క దెబ్బకు పాస్. 'టాగు' అంటే మాత్రం "ఏంటీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. తుంచి 'టాక్' అనేదాకా ఒప్పుకోలేదు. కల్లంలో ఆడవాళ్ళంతా నవ్వీ నవ్వీ తలా ఒక ముక్క నేర్చుకున్నారు.

చేతికి పని

సంతోషంగా ఇంటికొచ్చాను, తెల్లారి క్లాసులో చూస్తే నాగమణి చెయ్యి మళ్ళీ నోటి మీదికి లేచింది. గుడ్డ కట్టుకుని పరీక్షకు వెళ్తానంటే రానిస్తారా? ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా వల్ల కాదు మేడం, ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి" అంది.

కల్లంలో జరిగిందంతా మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకున్నాను. అక్కడ ముఖానికి గుడ్డ ఉంది, నిజమే. ఇంకేం ఉంది? రెండు చేతులకూ పని ఉంది! పట్టా లాగుతూనో, కాయలు ఎత్తుతూనో, ముచ్చికలు తీస్తూనో మాట్లాడింది. పని ఉన్న చెయ్యి నోటి మీదికి పోదు. ఖాళీ చెయ్యే పోతుంది.

మర్నాడు మా ఇంటి మిరపకాయల సంచి క్లాసుకు మోసుకెళ్ళి ఆమె ముందు కుమ్మరించాను. "ముచ్చికలు తీస్తూ మాట్లాడు." తీసింది, మాట్లాడింది. చెయ్యి లేవలేదు. క్లాసంతా తుమ్ములు. ప్రసాద్ గారు పరిగెత్తుకొచ్చి, "మేడం గారూ, ఇది విద్యాసంస్థా, యార్డా!" అన్నారు. "తుమ్మండి ప్రసాద్ గారూ, తుమ్మితే గొంతు తెరుచుకుంటుంది" అన్నాను. రోజులు గడిచేకొద్దీ కాయలు తగ్గిస్తూ వచ్చాను. చివరికి గుప్పిట్లో ఒక్క కాయ ఉంటే చాలు, గొంతు తెరుచుకునేది. ఈ లోపల మా ఇంటి ఏడాది కారానికి కావలసిన కాయలన్నీ ఒలిచి ఇచ్చింది, అది మా ఆయనకు మహా సంతోషం.

పరీక్ష హైదరాబాదులో. తోడు నేనే వెళ్ళాను. లోపలికి పంపించి, బయట బెంచీ మీద కూర్చుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నాగమణి వస్తోంది. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, చెంపల మీద ధారలు.

"పోనీలేమ్మా..." అని ఎదురెళ్ళి పట్టుకున్నాను.

"పోవడం కాదు మేడం, మంట! నీళ్ళు, నీళ్ళు!"

గుప్పిట్లో మిరపకాయ పెట్టుకుని లోపలికెళ్ళిందట. బల్ల కింద దాన్ని నలుపుతూ మాట్లాడిందట. కాయ పగిలి గింజలు రాలాయి, పరీక్షలో ఆమెకు జోడీగా పక్కన కూర్చున్న అబ్బాయి 'హాచ్' అని తుమ్మాడు. పరీక్ష పెట్టే ఆవిడ అలవాటు కొద్దీ 'గెజుంట్‌హైట్' అంది, ఆరోగ్యంగా ఉండమని. నాగమణి కూడా అతనివైపు తిరిగి 'గెజుంట్‌హైట్' అంది, చివరి 'ట్' ఠక్కున విరిచి మరీ. ఆవిడ నవ్విందట. ఆ నవ్వుతో ఈ పిల్లకు భయమంతా పోయి, అడిగినవాటికీ అడగనివాటికీ చెప్పి, సంతోషం పట్టలేక బయటికొస్తూ రెండు చేతుల్తో కళ్ళు తుడుచుకుంది. మిరపకాయ నలిపిన చేతుల్తో! రైతు బిడ్డే, మిరపకాయల్లోనే పుట్టి పెరిగింది, ఏం లాభం!

కుళాయి దగ్గర ముఖం కడిగిస్తూ నేను నవ్వుతున్నాను, ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. ఫలితం వచ్చింది, పాసయింది. ఆ వారమే ప్రసాద్ గారు కొత్త ఫ్లెక్సీ కట్టించారు: 'మిర్చి పద్ధతిలో జర్మన్, గుంటూరులో మొట్టమొదటిసారి'. ఆ పద్ధతిని మొదటి నుంచీ నమ్మింది తనేనని అందరికీ చెప్పుకున్నారు. చెప్పుకోనీండి.

మొన్న

కుర్ర టీచర్లకు నేను చెప్పేది ఇంతే. హల్లు రావట్లేదంటే నాలుకనే తిట్టకండి, చేతుల్ని కూడా చూడండి. పిల్ల ఏ ఇంటి నుంచి వచ్చిందో, అక్కడ ఎవరితో గట్టిగా మాట్లాడుతుందో వెళ్ళి చూడండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా అనుభవంలో ఊరికెళ్ళి చూస్తేగానీ నోరు సంగతి తెలియలేదు.

మొన్న నాగమణి వీడియో కాల్ చేసింది. డ్యూటీలో ఉంది, మూతికి మాస్కు. పక్కన కుర్చీలో తెల్లజుట్టు పెద్దావిడ. "ఈవిడకి చెవుడు మేడం. మాస్కు పెట్టుకుంటే ఇక్కడ ఎవరు మాట్లాడినా వినపడదంట. నా మాట ఒక్కటే తెలుస్తదంట. మందులు నేనిస్తేనే వేసుకుంటది."

కళ్ళు తుడుచుకున్నాను, నా చేతులకు కారం లేదు కాబట్టి సరిపోయింది.

"ఇప్పుడు నా పేరు నేర్చుకుంటంది" అని నాగమణి ఆవిడ వైపు తిరిగింది. పెద్దావిడ నోరు తెరిచి, "నాగమ... నాగమని" అంది. మన 'ణ' వాళ్ళ నోటికి కొరకరాని కొయ్య. మళ్ళీ ప్రయత్నించింది, నాలుక ఎటో పోయింది. చిన్నపిల్లలా సిగ్గుపడి, ముసిముసిగా నవ్వుతూ చేత్తో నోరు మూసుకుంది.

నాగమణి ఆవిడ చెయ్యి మెల్లగా పట్టుకుని కిందికి దించింది. ఆ చేతిలో ఊలు ఉండ ఒకటి పెట్టింది. తర్వాత మాస్కు వెనక నుంచి, ప్రతి హల్లూ విరిచి, జర్మన్‌లో అంది:

"చెయ్యి తియ్యమ్మా, నోరు కనపడనీ!"